పాతాళ బల్లిపై జనాభిప్రాయం

6-7-1979, శుక్రవారం

కొత్త పిక్చరు పడింది. జపాను వాళ్ళు తీసింది, మాటలు ఇంగ్లీషువి. మేనేజరు కైలాసం పోస్టరు మీద 'పాతాళ బల్లి' అని ఎర్ర రంగుతో రాయించాడు. మెట్‌పల్లిలో ఇంగ్లీషు పిక్చరు మూడు రోజులు ఆడితే గొప్ప. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, మైకు పట్టుకుని, బొమ్మలో ఏం జరుగుతుందో తెలుగులో చెప్పడం నా ఉద్యోగం. నా ఇంగ్లీషు మిషన్ బడిలో ఎనిమిదో తరగతితో ఆగిపోయిన ఇంగ్లీషు. బల్లి రైలును నోట కరుచుకుంటే దానికి ఆ మాత్రం కూడా అక్కర్లేదు. మిగతాది నేను అల్లుతాను. ఎవడొచ్చి అడుగుతాడు?

కథ చిన్నదే. కొండకు సొరంగం తవ్వుతుంటారు. లోపల ఏదో పడుకుని ఉంది, తూటాలు పేల్చొద్దు అని ఒక ముసలి ప్రొఫెసరు మొత్తుకుంటాడు. పేలుస్తారు. బల్లి లేస్తుంది. సొరంగం కూలి పదకొండు మంది కూలీలు లోపల చిక్కుకుంటారు. వాళ్ళు ఇనుప పైపు మీద కొడతారు. పైన ఆఫీసర్లకు ఆ చప్పుడు వినబడుతుంది. విని కూడా, బల్లి బయటికి రాకూడదని సొరంగానికి సిమెంటు పోసి మూసేస్తారు. బల్లి ఇంకో దిక్కు నుంచి వచ్చి పట్నమంతా తొక్కి, చివరికి సముద్రంలోకి పోతుంది.

మాట్నీలో ఒక పొరపాటు చేశాను. పైపు చప్పుడు రాగానే నా నోరు నన్నడగకుండా అనేసింది. "మూడు దెబ్బలు! వస్తున్నాం అంటున్నారు! బతికే ఉన్నాం, పైకి వస్తున్నాం అంటున్నారు!"

అది జపాను వాళ్ళ లెక్క కాదు, మా బావి పనోళ్ళ లెక్క. బావిలో తూటాలు పెట్టాక మేస్త్రీ పైనుంచి బండ మీద గడ్డపారతో మూడు దెబ్బలు కొడతాడు, బయటికి రండి అని. కింద ఉన్నవాడు తిరిగి మూడు కొడతాడు, వస్తున్నా అని. కింద ఎందరుంటే అందరి దెబ్బలూ లెక్క తేలేదాకా మేస్త్రీ గట్టు వదలకూడదు. పదకొండేళ్ళు మేస్త్రీగా చేసినవాడి నోరు, దాని అలవాటు అది మానుకోలేదు.

నేల టికెట్టులో బావి పనోళ్ళు ఉన్నారు. ఒకటే ఈలలు.

పిక్చరు పెట్టె పంపిన పట్నం వాళ్ళు, జనం ఏమంటున్నారో రోజూ పది మంది మాటలు రాసి పంపమన్నారట. ఆట వదిలాక గేటు దగ్గర రిజిస్టరు పట్టుకుని నిలబడే పని కూడా కైలాసం నాకే అంటగట్టాడు. "నీ రాత మంచిగుంటది సీమోనూ" అంటాడు. వాడికి బద్ధకం, నాకు రాత.

అక్కకు ఈ పిక్చరు సంగతి తెలియకుండా ఉంటే మంచిది. మూడు రోజులే కదా.


7-7-79

ఈ రోజు చెవి పెట్టి లెక్కపెట్టాను. జపాను వాళ్ళు ఏడు కొట్టారు. ఆపకుండా, వరసా లెక్కా లేకుండా. మూడూ లేదు, పాడూ లేదు.

కాబట్టి మాట్నీలో సరిచేద్దామనుకున్నాను. "పైపులో నీళ్ళు కొట్టుకుంటున్నాయి" అని చెప్పాను. నేల నుంచి ఒకడు అరిచాడు, "ఏయ్ మేస్త్రీ, నిన్న మూడు దెబ్బలన్నవట గదా, చెప్పు!" నిన్న చూసినవాళ్ళు ఊరంతా చెప్పారన్నమాట. ఇంకొకడు అందుకున్నాడు. చెప్పేదాకా వదల్లేదు. చెప్పాను. అప్పుడు నేల వాళ్ళు మడమలతో, బెంచీ వాళ్ళు పిడికిళ్ళతో, వెనక కుర్చీల వాళ్ళు కుర్చీ రేకు మీద అరచేతులతో మూడు కొట్టారు. అందరూ ఒక్కసారి. పైన రేకుల కప్పు అదిరింది. నా చేతిలో మైకు కూడా కదిలింది.

కైలాసం సంబరపడి చాయ్ తెప్పించాడు. తాగలేదు.


8-7-79, ఆదివారం

చర్చికి పోయాను. వాక్యం నేనే చదివాను. గొంతు బాగానే ఉంది.

వచ్చేసరికి అక్క గోడ మీద గరిటెతో మూడు కొట్టింది. అన్నం అయింది, రమ్మని. నా ఇంటికీ అక్క ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ. నా ఇల్లాలు పోయిన ఆరేళ్ళ నుంచి నా తిండి అక్క ఇంట్లోనే. గోడ మీద కొట్టి పిలవడం బావ ఏలియా పెట్టిన అలవాటు. బావి దెబ్బలు ఇంట్లోకి తెచ్చాడని అక్క అప్పట్లో నవ్వేది. పిలిస్తే నేను కూడా మూడు కొట్టాలి, వస్తున్నా అని. ఏడాదిగా నేను కొట్టడం లేదు. నోటితోనే "వస్తున్నా అక్కా" అంటాను. పాత గోడ, కొడితే పెళ్ళలు రాలుతున్నాయి.

బావ పోయినేడు మే పందొమ్మిదిన పోయాడు. ప్రేమ్‌సాగర్‌రావు దొర కోరుట్ల రోడ్డు మెట్ట చెలకలో బావి తవ్విస్తుంటే ఒడ్డు కూలింది. మేస్త్రీని నేనే. పైన చిక్కుకున్న రాజంను గుంజాం. ఏలియా అడుగున ఉండిపోయాడు. చప్పుడు లేదు. దొర బావి పూడ్పించాడు. పాస్టరు గట్టు మీదే నిలబడి సమాధి ప్రార్థన చేశాడు. ఆ నెలలోనే దొర నన్ను మేస్త్రీ పని మాన్పించి తన టాకీసులో పెట్టాడు.

ఇందులో ఇంక రాయడానికేం లేదు.


9-7-79

పిక్చరు ఇంకో వారం ఉంచుతారట.


10-7-79

రిజిస్టరులోవి ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను. ఎందుకో తెలియదు.

హనుమండ్లు, కిరాణం: "బల్లి రబ్బరుదిరా బై. వంగినప్పుడల్లా చంక కాడ ముడుత పడుతుంది. లోపట మనిషున్నడు. నన్ను పాగల్ జేస్తరా?"

జానకీబాయి, దొరవారి చుట్టం: "మా మనుమరాలు ఇంట్ల గోడ మీద చిన్న బల్లిని జూసి అన్నం ముడుతలేదు. గిసొంటి బొమ్మలు ఎందుకు దెస్తరు?"

గోపాల్‌రావు పటేలు: "బల్లిని సంపెతందుకు గంత కరెంటు పెట్టిన్రు. నా మోటరుకు దినాం మూడు గంటలు వస్తలేదు."

బీడీలు చుట్టే కనకవ్వ: "జరంత బల్లి నెత్తిన పడితెనే దోషమంటరు. గంత బల్లి ఊరి మీదనే పడ్డది. ఊరు ఊరంత తానం జెయ్యాల్నా, ఏంది?"

దవాఖాన్ల ఆయా అనసూర్య: "పాపం అది పండుకున్నది. లేపినోడు మంచిగనే ఉన్నడు, లేచినదాన్ని సంపుతరా?"

ఈ అయిదుగురూ బల్లి మనుషులు. మిగతా అయిదుగురూ బల్లి ఊసే ఎత్తలేదు. మూడు దెబ్బల గురించే. "ఇన్నరు గదా. ఇని గూడ ఎట్ల మూసిన్రు? చేతులెట్ల వచ్చినయి?" అని ఒక బట్టల కొట్టు ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ నుంచి గజం బద్ద దగ్గర జనాన్ని కోస్తున్న మనిషి. జపాను కూలీల కోసం ఏడుస్తున్నాడు. ఏడవనీ. టిక్కెట్టు కొనుక్కుని ఏడిస్తే ఎవరికీ నొప్పి ఉండదు.

ఆఫీసర్ల తప్పేముంది? పైకి బల్లి వస్తే ఊరంతా పోయేది. పదకొండు మంది కోసం ఊరిని చంపుకుంటారా? ఈ మాట ఒక్కడూ అనలేదు. నేనే పదకొండో అభిప్రాయంగా రాద్దామనుకుని, రాయలేదు.


11-7-79, బుధవారం

రాజం వచ్చాడు. ఆ రోజు మేం బావిలోంచి గుంజిన రాజం. కాలు కుంటి. గేటు దగ్గర జనం పోయేదాకా ఆగి, కర్ర ఆనించి నా ముందు నిలబడ్డాడు. మూడోసారి చూశాడట.

"ఏం రాయాలె రాజం?"

"మేస్త్రీ, నన్ను పైకి గుంజినంక నేనేమన్న, యాదికున్నదా?"

"నీ నెత్తికి దెబ్బ తాకింది. ఏదేదో మాట్లాడినవు."

"గదే. నెత్తికి తాకిందని నువ్వన్నవు. నాకు కాలు ఇరిగింది. నెత్తికి ఏం గాలే."

"ఇగ పో రాజం. ఇంకో ఆట మొదలైతది."

"నా కింద గడ్డపార మోగింది. మూడు. జర ఆగి మల్ల మూడు. గదే చెప్పిన. నువ్వు పైన్నే ఉంటివి, ఇనవడలే అంటివి. సరే, నా నెత్తే ఖరాబైందనుకున్న. ఏడాది సంది గట్లనే అనుకుంటున్న." కర్ర ఎత్తి తెర వైపు చూపించాడు. "గీ బొమ్మల నువ్వు 'వస్తున్నాం అంటున్నరు' అన్నవు సూడు, గా గొంతు. గది ఇన్నంక నా నెత్తి మంచిగనే ఉన్నదని ఎరుకైంది."

"పిక్చరుల ఉన్నది, చెప్పిన."

"రాసుకో మరి. బొమ్మ మంచిగున్నదని రాసుకో. పేరు రాయకు."

రాశాను. 'పిక్చరు బాగున్నది. ఒక కుంటివాడు.' రాశాక ఆ చివరి రెండు మాటలు కొట్టేశాను.


12-7-79

చప్పుడు లేదు. బావి అడుగున ఊట ఉంది. ఊట నీళ్ళు బండల మీద పడితే చప్పుడవుతుంది. ఏ మేస్త్రీనైనా అడగండి.

ఎవరిని అడగమంటున్నాను? ఈ పుస్తకం ఎవరు చదువుతారు?


13-7-79, శుక్రవారం

దొర టాకీసుకు వచ్చాడు. రెండో వారంలోకి పోయిన ఇంగ్లీషు పిక్చరు ఇదే మొదటిదట. వెనక సోఫాలో కూర్చుని మొత్తం చూశాడు. మూడు దెబ్బల దగ్గర జనంతో పాటు తనూ చెప్పుతో నేల మీద కొట్టాడని కైలాసం చెప్పాడు. ఆట అయ్యాక నన్ను పిలిపించాడు.

"సీమోనూ, గా మూడు దెబ్బలు నీ అక్లేనా? బొమ్మల ఉన్నదా?"

"నేనే కలిపిన దొరా."

"మస్తు గలిపినవు. నాకు గూడ గుండె జల్లుమన్నది." ఆ తరువాత, "ఇగ సూడు. దసరా దాటినంక పాత దాని పక్క పొంటి కొత్త బావి మొదలువెడదాం. గీ మైకు ఎవడన్న చెప్తడు. మేస్త్రీగ నువ్వే ఉండాలె. నీ మీద నాకు నమ్మకం."

ఆయన లేచాడు, కండువా సర్దుకున్నాడు, పోయేవాడు పోకుండా ఆగాడు.

"గప్పుడు కోరుట్ల కెల్లి పెద్ద క్రేను వస్తుండె, యాదికున్నదా? సగం తొవ్వ వచ్చింది. నువ్వు చప్పుడు లేదంటివి, ఇగ ఎందుకని మనిషిని పంపి మర్లించిన. నువ్వు జర అనుమానమన్నా, రెండు దినాలైనా తోడిపిద్దును. పాపం, ఏలియా మంచి పనోడు."

దొర పోయాడు. ఎనిమిదో తారీఖున నేనేం రాశానో తిప్పి చూశాను. 'దొర బావి పూడ్పించాడు' అని ఉంది. పూడ్పించింది దొరే. రాసిందాంట్లో అబద్ధం లేదు.

క్రేను సంగతి రాయలేదు. క్రేను అవసరం పడలేదు కదా, రాయడానికి.


14-7-79

అక్కకు తెలిసింది. మా వాడలో బీడీలు చుట్టేవాళ్ళందరూ ఒకే అరుగు మీద కూర్చుంటారు. కనకవ్వ చెప్పకుండా ఉంటుందా?

అన్నం పెడుతూ మామూలుగానే అడిగింది. "తమ్మీ, టాకీసుల ఏదో చప్పుడంట?"

"బల్లి బొమ్మ అక్కా. పిల్లల బొమ్మ."

"లోపట పడ్డోళ్ళు మూడు గొడుతరంట. వస్తున్నం అని."

"ఆఁ."

చారు గరిటె గిన్నెలోనే ఆగింది. "జపానోళ్ళకు మన బావి దెబ్బలు ఎవరు నేర్పిన్రు?"

"నేనే కలిపిన. ఊకెనే. జనం ఖుషీ అయితరని."

"ఊకెనే" అంది అక్క. ప్రశ్న కాదు. తూచినట్టు అంది.

మంచం మీద ఏలియా తల్లి ప్రేమమ్మ కూర్చుని ఉంది. ఆమెకు చూపు పోయి నాలుగేళ్ళు, చెవులు మాత్రం పాము చెవులు. "నా కొడుకు గూడ గట్లనే కొట్టేటోడు గద సంతోషా" అంది, "గీ గోడకు. ఎంత పనిల ఉన్నా మనం గొడితే మల్ల కొట్టక పోయేటోడా?"

ఉప్పు ఎక్కువైందని చెప్పి లేచాను. ఉప్పు సరిగ్గానే ఉంది.


15-7-79, ఆదివారం

చర్చికి పోలేదు. కడుపులో నొప్పి.


16-7-79

రేపటితో పిక్చరు ఆఖరు. పెట్టె జగిత్యాల పోతుంది. పీడ పోతుంది.

ఒక సంగతి స్పష్టంగా రాసి పెట్టుకోవాలి. ఒడ్డు కూలిన బావిలోకి ఎవరూ దిగరు. దిగితే ఇంకో ఇద్దరు పోతారు. అది తెలిసిన ఏ మేస్త్రీ అయినా మనుషులను దింపడు. నేను ఆ రోజు ఆరుగురిని కాపాడాను. గట్టు మీద ఆరుగురు ఉన్నారు. వాళ్ళ పేర్లు ఇప్పుడు కూడా చెప్పగలను. వాళ్ళలో ఒక్కడైనా నాకు దండం పెట్టాడా?

పై నాలుగు మాటలు మళ్ళీ చదివాను. బాగానే ఉన్నాయి.


17-7-79, మంగళవారం

అంతా రాస్తాను. వంకర లేకుండా.

మాట్నీకి అక్క వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక టాకీసు గడప తొక్కని మనిషి. సినిమా పాపమని పాస్టరు చెబితే నమ్మిన మనిషి. కొంగు నెత్తి మీద కప్పుకుని, ఆడవాళ్ళ వైపు నేల మీద, కనకవ్వ పక్కన కూర్చుంది. నా స్టూలు దగ్గర కాగితం చూసుకోవడానికి చిన్న బల్బు ఉంటుంది. చీకట్లో జనానికి తెర కాక కనబడేది నా ముఖం ఒక్కటే. అక్క తెర వైపు చూడలేదు.

సొరంగం దాకా చెప్పాను. తూటాలు చెప్పాను. ప్రొఫెసరును చెప్పాను. పైపు చప్పుడు రాగానే నోరు మూసుకున్నాను. ఈ రోజు చెప్పకూడదని పొద్దున్నే గట్టిగా అనుకున్నాను.

నాతో పని ఏముంది? పన్నెండు రోజులుగా నేనే నేర్పాను కదా. నేల, బెంచీ, కుర్చీ అన్నీ కలిసి మూడు కొట్టాయి. ఆగాయి. మళ్ళీ మూడు. రాజం చెప్పినట్టే, జర ఆగి మళ్ళీ మూడు. ఆ ఆగడం నేను ఎవరికీ నేర్పలేదు. నేలలో రాజం ఉన్నాడు, వాడు నేర్పాడు.

అక్క కొట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. పక్కన కనకవ్వ కొడుతోంది, ముందు కూర్చున్నవాళ్ళు కొడుతున్నారు, అక్క చూస్తోంది.

ఆ తరువాత బల్లి వంతెన విరిచింది, స్తంభాలు పీకింది, రైలు కరిచింది. నేనేం చెప్పలేదు. "ఏమాయె మేస్త్రీ, నిద్రవోయినవా?" అని అరిచారు. కైలాసం పరుగెత్తుకొచ్చి మైకు తను తీసుకుని ఏదో చెప్పాడు. వాడు బల్లిని మొసలి అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆట వదిలింది. రిజిస్టరు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. పారిపోవచ్చు. ఎందుకు నిలబడ్డానో! పదిమంది మాటలు రాయాలి కదా, ఉద్యోగం. ఒకరి తరువాత ఒకరు చెప్పి పోయారు. తొమ్మిది అయ్యాయి. పదో మనిషి అక్క.

నా నోరు మళ్ళీ దాని అలవాటులో అది పోయింది. "పేరు?" అన్నాను.

"సంతోషమ్మ. ఏలియా పెండ్లాం. రాసుకో."

రాశాను.

"పైనోళ్ళు ఇన్నరు. ఇని ఊకున్నరు. గింత వరకు బొమ్మల ఉన్నది. లోపలోళ్ళు ఎంతసేపు కొట్టిన్రో బొమ్మల చెప్పలే. నువ్వు చెప్తవా?"

"అక్కా..."

"ఎంతసేపు కొట్టిండు, తమ్మీ?"

చుట్టూ జనం పోతూనే ఉన్నారు. ఒకాయన పాన్ నములుతూ, బల్లి మళ్ళీ వస్తుందా అని అడిగి పోయాడు. దాటవేయడానికి నా దగ్గర నెత్తి దెబ్బ ఉంది, ఊట నీళ్ళు ఉన్నాయి, ఆరుగురు ఉన్నారు.

"దీపాలు పెట్టే యాళ్ల దాక" అన్నాను.

"అన్నం యాళ్లకు గద కూలింది."

"ఆఁ."

అక్క కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా. "రాసుకున్నవా?"

"రాసుకున్న."

"వేలుముద్ర ఎయ్యాల్నా?"

"వద్దక్కా."

పోయింది. వెనక్కి చూడలేదు.

ఇప్పుడు నేను రాయాల్సింది. విన్నాను. రాజంను మంచం మీద దవాఖానకు పంపాక, గట్టు మీద వాళ్ళను తాళ్ళ కోసం పంపి, ఒక్కణ్ణీ బావి మీదకు వంగితే వినబడింది. మూడు. నీళ్ళు అలా లెక్కపెట్టి పడవు. బావ గడ్డపార దెబ్బ నాకు తెలియదా? పదకొండేళ్ళు విన్నాను. వస్తున్నా అంటున్నాడు. వాడు రావాలంటే ఎవరో ఒకరు దిగాలి. మా పనిలో దిగాల్సింది ముందు మేస్త్రీ. ఒడ్డు ఇంకా పెళ్ళలు రాలుస్తోంది. నాకు భయమైంది. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. లుంగీ తడిసింది. దొర జీపు దిగి వచ్చి, "సీమోనూ, ఏమన్న చప్పుడు ఇనవస్తుందా?" అని అడిగాడు. "ఏం చప్పుడు లేదు దొరా" అన్నాను. ఒకసారి లేదన్నాక మళ్ళీ ఉందని ఎలా అనాలి? ఎవరినీ గట్టు దగ్గరికి రానీయలేదు. కూలుతుంది, దూరం పోండి అని అరిచాను. సాయంత్రం దాకా ఆ గట్టు మీద నేనొక్కణ్ణే కూర్చున్నాను. మేస్త్రీ గొప్పవాడు, బామ్మర్ది ప్రేమ చూడు, కదలడం లేదు అన్నారు జనం. వాడు ఆపేదాకా కూర్చున్నాను.


18-7-79

పెట్టె జగిత్యాల పోయింది. కైలాసం రిజిస్టరు చూసి, పదో అభిప్రాయం ఏమీ అర్థం కాలేదన్నాడు. "సంతోషమ్మ. అన్నం వేళ నుంచి దీపాల వేళ దాకా." అంతే ఉంది. "గిదేంది సీమోనూ, బొమ్మ టైమా?" అన్నాడు. వాడే ఇంకో మాట కల్పించి రాసుకుని పట్నం పంపాడు.

గోడ మీద చప్పుడు లేదు. హోటల్లో తిన్నాను.


19-7-79

చప్పుడు లేదు.


20-7-79

లేదు. కొత్త పిక్చరు తెలుగుది. నాకు మైకు పని లేదు. గేటు దగ్గర టిక్కెట్లు చింపాను.


22-7-79, ఆదివారం

చర్చిలో అక్క ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చుంది. పాస్టరు వాక్యం చదవమని నన్ను పిలిచాడు. గొంతు నొప్పి అన్నాను. అక్క ఎవరికీ ఏమీ చెప్పలేదు. పాస్టరుకు చెప్పలేదు, కనకవ్వకు చెప్పలేదు, పోలీసులకు చెప్పలేదు. చెప్తే బాగుండు. ఎవడైనా వచ్చి గల్లా పట్టుకుంటే బాగుండు. రాజం కూడా చర్చి బయట నన్ను చూసి, కర్ర ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని పక్క తోవన పోయాడు.

ప్రేమమ్మ మాత్రం నా అడుగు చప్పుడు పట్టి, "ఏం సీమోనూ, అన్నానికి వస్తలేవు? ఎవరింట్ల తింటున్నవు?" అంది. అక్క ఆమె రెక్క పట్టుకుని ముందుకు నడిపించింది.


23-7-79

దొరకు కబురు పెట్టాను, మేస్త్రీగా నేను రానని. రాజం అయితే బాగుంటుందని చెప్పాను. కుంటోడు ఎట్ల దిగుతడు అన్నాడట దొర. దిగుతాడు. వాడు దిగుతాడు.


24-7-79, మంగళవారం

పొద్దున అక్క ఇంట్లోంచి జొన్నరొట్టె వాసన వచ్చింది. కంచాలు పెట్టిన చప్పుడు, చెంబు చప్పుడు వినబడ్డాయి. ఈ గోడ ఇంత పలచనిదని నాకు ఇన్నేళ్ళు తెలియదు. నా దగ్గర గరిటె లేదు, ఇంట్లో పొయ్యి వెలిగించి ఆరేళ్ళు. మూలన నా పాత గడ్డపార ఉంది. తుప్పు పట్టింది. తీసుకున్నాను.

గోడ మీద మూడు కొట్టాను. పెళ్ళ రాలి కాలి మీద పడింది. ఆగి, మళ్ళీ మూడు కొట్టాను.

అవతల కంచం చప్పుడు ఆగింది. ప్రేమమ్మ గొంతు వినబడింది. "సంతోషా, గోడకు ఎవరో కొడుతున్నరే. మూడు కొట్టిన్రు."

చెవి గోడకు ఆనించి నిలబడ్డాను. తరువాత అక్క అంది.

"ఏం చప్పుడు లేదత్తా. నువ్వు తిను."